కుక్కపిల్లకు ఎజిలిటీ కిట్: పదమూడు నెలలు వాడాక

పోయినేడు నవంబరులో ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎజిలిటీ కిట్, అంటే కుక్కకు అడ్డంకులు దాటే ఆట నేర్పే సామాను గురించి రాస్తున్నాను. ధర 3,850 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకే వేరువేరు పేర్లతో కనిపిస్తోంది కాబట్టి, పేరు కన్నా వస్తువు గురించి వివరంగా చెబితేనే మీకు పనికొస్తుంది. ఆకుపచ్చ సంచిలో వచ్చినవి ఇవి: మూడు మీటర్ల నైలాన్ టన్నెల్, ఒక హర్డిల్, కుక్క మధ్యలోంచి మెలికలుగా పరిగెత్తే ఆరు నిలువు వీవ్ పోల్స్, నాలుగు పైపులు కలిపితే నేల మీద చదరంగా తయారయ్యే పాజ్ బాక్స్, ఎనిమిది ఇనుప మేకులు, ఒక విజిల్, ఎలా నేర్పాలో చెప్పే ఒక కాగితం.

ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. ఆ మూడూ టన్నెల్‌కు, పాజ్ బాక్సుకు. పోయిన రెండూ హర్డిల్‌కు, ఆ కాగితానికి. అట్టపెట్టె మీద హర్డిల్ దూకుతున్న కుక్కపిల్ల బొమ్మ ఉంది. అందరం ఆ బొమ్మ చూసే కొంటాం. ఇంట్లో లేత కుక్క ఉన్నవాళ్లు ముందుగా పక్కన పెట్టాల్సింది మాత్రం ఆ హర్డిల్‌నే.

నేను హనుమకొండలో సర్కారు బడిలో పీఈటీని. పందొమ్మిదేళ్లుగా పిల్లలకు ఖోఖో, కబడ్డీ, పరుగు నేర్పుతున్నాను. రాగి మా బడిలో మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వెనక దొరికిన నాటుకుక్క. అప్పటికి రెండు నెలలుంటాయేమో. చింతపండుతో తోమిన చెంబు రంగు, కుడి చెవి సగంలో మడతపడి ఉంటుంది. ఐదో నెల వచ్చేసరికి దాన్ని పట్టుకోవడం మా వల్ల కాలేదు. గేటు సందులోంచి దూరేది, పిట్టగోడ మీద నడిచేది, ఆరేసిన బట్టలు లాక్కుని వాకిలంతా తిప్పేది. తిట్టి లాభం లేదని తెలుసు. అలాంటి పిల్లలను ఎంతమందిని చూశాను! వాళ్లకు కావాల్సింది పని. రాగికి కూడా అదే కావాలని ఈ కిట్ కొన్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎజిలిటీ అంటే వరసగా పెట్టిన అడ్డంకులను కుక్క, దాని మనిషి చెప్పిన దారిలో, తప్పు లేకుండా తొందరగా దాటే ఆట. మెడకు తాడు ఉండదు, మనిషి చెయ్యి దాన్ని తాకకూడదు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో, అసలు పోటీల మధ్య ఖాళీ సమయంలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాల జంపింగ్ పోటీల తీరులో మొదలుపెట్టారు. అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. మా వీధిలో మాత్రం ఇప్పటికీ “పోలీసు కుక్కకు నేర్పినట్టు నేర్పుతున్నారా మేడం” అనే అడుగుతారు. మొయినాబాద్‌లో శిక్షణ పొందిన జాగిలాల పరేడ్ టీవీలో చూసి ఉంటారు. ఆ జాగిలాలది ఉద్యోగం. ఇది ఆట. కుక్కకు ఇష్టం లేకపోతే ఈ ఆటే లేదు.

టన్నెల్‌తో మొదలుపెడతాను. లోపల స్ప్రింగులా చుట్టిన తీగ, పైన నైలాన్ గుడ్డ, నోరు 60 సెంటీమీటర్ల వెడల్పు. అంతర్జాతీయ పోటీల్లోనూ టన్నెల్ నోరు అంతే ఉంటుంది, పొడవు మూడు నుంచి ఆరు మీటర్లు. కొలతల్లో ఈ కిట్ మోసం చేయలేదు. తేడా గుడ్డలో ఉంది. పోటీల్లో వాడేది లారీ మీద కప్పే టార్పాలిన్‌లా మందంగా ఉంటుంది, ఇది గొడుగు గుడ్డంత పలచన.

సంచి విప్పగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. రాగి నాలుగడుగులు వెనక్కి వేసింది, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ రోజు అక్కడితో ఆపేశాను. రెండు రోజులు టన్నెల్‌ను ఎండలో పడేసి వాసన పోనిచ్చాను. మూడో రోజు దాన్ని నొక్కి మూరెడు పొడవు చేసి, తాడుతో కట్టి, వరండాలో పెట్టాను. రాగి అన్నం గిన్నె దాని నోటి ముందు. మర్నాడు గిన్నె నోట్లో సగం. ఆ పై రోజు గిన్నె పూర్తిగా లోపల. నేనేమీ అనలేదు, పిలవలేదు, ఊరికే కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీసుకుంటున్నాను.

తొమ్మిదో రోజు మా అబ్బాయి రాగిని ఒక చివర పట్టుకున్నాడు. నేను రెండో చివర నేల మీద బోర్లా పడుకున్నాను, నా మొహం దానికి కనిపించాలి కదా. అరచేతిలో ఉడకబెట్టిన కోడి కార్జం ముక్క. “దూరు” అన్నాను. రాగి ముందు కాలు ఒకటి లోపల పెట్టింది. గుడ్డ గరగరమంది. కాలు వెనక్కి తీసుకుంది. నన్ను చూసింది. మళ్లీ పెట్టింది. ఈసారి పొట్ట నేలకు ఆనించి, చెవులు వెనక్కి అణిచిపెట్టి, మెల్లగా మూడడుగులు వేసి నా మెడ మీదికొచ్చి పడింది. నేను లేచేలోపు తనంతట తనే తిరిగి అటు చివరికి ఉరికి, మళ్లీ దూరి, మళ్లీ వచ్చింది. ఆ రెండోసారి రావడం ఉంది చూడండి, ఎవరూ పిలవకుండా! నా ఉద్యోగంలో కూడా నేను ఎదురుచూసే క్షణం అదే.

తర్వాత రెండు రోజులకో మూర చొప్పున పెంచాం. మూడో వారానికి మూడు మీటర్లూ పరుగున దాటింది. వంకర తిప్పి పెట్టినప్పుడు అవతలి వెలుతురు కనబడక నడుమలో ఆగిపోయేది. అప్పుడు అరవకండి. బయట నుంచి గుడ్డ మీద వేళ్లతో మెల్లగా తడుతూ ముందుకు నడవండి, ఆ చప్పుడు వెంట వచ్చేస్తుంది.

మేకుల సంగతి వేరు. మా ఇంటి పక్క ఖాళీ స్థలం మొరం నేల. సుత్తితో రెండు దెబ్బలు వేయగానే మేకులు వానపాముల్లా వంగిపోయాయి. సరేలెమ్మని రెండు ఇటుకలు ఆన్చి వదిలేశాను, అది నా పొరపాటు. సంక్రాంతి ముందు ఒక సాయంత్రం గాలి లేచి, రాగి లోపల ఉండగానే టన్నెల్ ఒక పొర్లు పొర్లింది. దానికి దెబ్బ తగల్లేదు. కానీ పన్నెండు రోజులు టన్నెల్ దగ్గరికే రాలేదు. మళ్లీ మూరెడు పొడవు నుంచి, అన్నం గిన్నె నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మీరు మాత్రం మొదటి రోజే బరువులు పెట్టండి. నేను మా అబ్బాయి పాత జీన్స్ ప్యాంట్లు రెండు తీసుకుని, కాళ్ల చివర్లు కుట్టేసి, ఒక్కో కాలులో ఐదేసి కిలోల ఇసుక పోసి, నడుం దగ్గర బిగించి కట్టాను. టన్నెల్ మీద అడ్డంగా వేస్తే అటొక కాలు, ఇటొక కాలు, గుర్రం మీద మనిషి కూర్చున్నట్టు కూర్చుంటాయి. ఆ తర్వాత ఎంత గాలి వచ్చినా కదల్లేదు.

పాజ్ బాక్స్ చూస్తే నాలుగు పైపులు, నాలుగు ఎల్బోలు, అంతే. అంగడిలో కొంటే రెండొందలు కూడా కాదు. కానీ మొత్తం కిట్‌లో ఎక్కువ వాడింది దీన్నే. కుక్కకు పరుగు నేర్పనక్కర్లేదు, అది పుట్టుకతోనే వచ్చింది. నేర్పాల్సింది ఆగడం. ట్రాక్ మీద నా పిల్లల్లో బాగా ఉరికే పిల్లలు గీత దగ్గర నిలవలేక, విజిల్ కన్నా ముందే కదిలి పోగొట్టుకున్న పరుగులు నాకు తెలుసు. రాగిని ఆ చదరంలో నిలబెట్టి “ఆగు” అని ఒక్క అడుగు వెనక్కి వేసి, కదలకపోతే వెంటనే ముక్క పెట్టేదాన్ని. ఒక అడుగు, రెండు, ఐదు. ముక్కను ఎప్పుడూ చదరంలోనే ఇవ్వాలి. మన దగ్గరికి వచ్చాక ఇస్తే అది రావడం నేర్చుకుంటుంది, ఆగడం కాదు. రెండు నెలలకు ఇరవై అడుగుల దూరం వెళ్లి వీపు తిప్పి నిలబడినా కదల్లేదు. కళ్లు మాత్రం నా చేతి మీదే ఉండేవి, ముందు కాలు వేళ్లు మొరంలోకి దిగి ఉండేవి.

ఈ చదరంతో ఇంకో పెద్ద పని ఉంది. పోటీల్లో ఏ-ఫ్రేమ్, డాగ్ వాక్, సీ-సా (తూగుడుబల్ల) అని ఎక్కి దిగే బల్లలుంటాయి. వాటి చివర వేరే రంగు వేసిన భాగాన్ని కుక్క తప్పనిసరిగా తొక్కాలి. పైనుంచే గెంతేస్తే తప్పు, పైగా బరువంతా భుజాల మీద పడుతుంది. అంత ఎత్తు బల్లలు లేత కుక్కకు వద్దే వద్దు. కానీ ఆ దిగే పద్ధతి మాత్రం ఇప్పుడే నేర్పొచ్చు. స్లాబు పోసేవాళ్ల దగ్గర అడుగు వెడల్పు సెంట్రింగ్ చెక్క ఒకటి తెచ్చి, ఒక్క ఇటుక ఎత్తున పెట్టి, చివర ఈ చదరం ఉంచాను. ముందు కాళ్లు చదరంలో, వెనక కాళ్లు చెక్క మీద, అక్కడ “ఆగు”. వెనక కాళ్లు ఎక్కడున్నాయో కుక్కకు మొదట్లో అసలు ధ్యాస ఉండదు. అందుకని వెదురు నిచ్చెన నేల మీద పడుకోబెట్టి మెట్ల మధ్య నడిపించాను. మొదటి రోజు ప్రతి మెట్టుకూ వెనక కాలు తగిలింది. వారం తర్వాత ఒక్కటీ తగల్లేదు. వీటిలో ఏదీ కిట్ కాగితంలో లేదు.

ఇప్పుడు హర్డిల్. అథ్లెటిక్స్‌లో పిల్లలు దూకే హర్డిల్ ఎలా చేస్తారో చూడండి. కాళ్లు రెండూ పిల్ల పరిగెత్తుకొచ్చే వైపే ఉంటాయి. మోకాలు తగిలితే అది ముందుకు పడిపోతుంది, పిల్లను పట్టుకోదు. కుక్కల పోటీల్లో కూడా అంతే, అడ్డంగా ఉండే బార్ ఊరికే ఆనించి ఉంటుంది, కాలు తగిలితే పడిపోవాలి. ఈ కిట్‌లో బార్‌ను రెండు పక్కలా ప్లాస్టిక్ రింగుల్లోకి దూర్చి బిగిస్తారు. తగిలినా పడదు. నా వృత్తి ఇదే అయి ఉండి, సంచి విప్పిన రోజే ఇది నా కంట పడాల్సింది.

జనవరి ఆఖర్లో ఒక శనివారం రాగిని బడి గ్రౌండుకు తీసుకెళ్లాను. అప్పటికి దానికి ఏడున్నర నెలలు. కాగితంలో మూడు నెలల నుంచే దూకించవచ్చని రాసి ఉంది, బార్ పెంచుకుంటూ పొమ్మని అంకెలతో సహా. పిల్లలు చుట్టూ నిలబడి చప్పట్లు. 30 సెంటీమీటర్లు పెట్టాను. రెండుసార్లు గాల్లో తేలినట్టు దాటింది. మూడోసారి ముందు కాలు బార్‌కు తగిలింది. బార్ పడలేదు, హర్డిల్ మొత్తం దాని కాళ్లకు చుట్టుకుని లేచింది. రాగి కుడి ముందు కాలు మీద పడి ఒక్క అరుపు అరిచింది. పిల్లలందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. అది మూడు కాళ్ల మీద నా దగ్గరికే వచ్చింది.

పశువుల డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు. ఆయన ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి మణికట్టు పైన ఒక చోట పెన్ను మొనతో చూపించారు. తెల్లటి ఎముకకు అడ్డంగా సన్నటి నల్ల గీత. విరిగిందేమోనని నా గుండె జారింది. “కాదమ్మా, ఎముక ఇక్కడే పెరుగుతోంది. ఆ గీత ఉన్నంతకాలం అక్కడున్నది ఎముక కాదు, మెత్తటి మృదులాస్థి. అక్కడ గట్టి దెబ్బ తగిలితే కాలు వంకరగా పెరుగుతుంది” అన్నారు. చిన్న జాతుల్లో ఆ గీత ముందే మూసుకుంటుందట, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టొచ్చట. చిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించిన కుక్కల్లో ఇంకొంచెం ఆలస్యమవుతుందట. రాగికి డిసెంబరులోనే చేయించాం. మూడు వారాలు తాడు విప్పకుండా ఉంచమన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ చాటలో బియ్యం పక్కన పెట్టి నన్ను చూసింది. మాది వ్యవసాయం ఇల్లు. “పాలపండ్లు ఊడని కోడెను కాడికి కడ్తమా బిడ్డా? రెండు పండ్లు ఏసినంక గద, గది గూడ ఒట్టి కాడి మోపి తిప్పుతం, ఎనుక నాగలుండదు. గీ పిల్ల కాళ్లు గింత లేతగున్నయ్, గట్లెట్ల ఎగిరిచ్చినవే?” అంది. నేనేం చెప్పను? అమ్మ కోడెల గురించి చెప్పిందీ, డాక్టరు ఎక్స్‌రేలో చూపించిందీ ఒకటే. అంతర్జాతీయ పోటీల్లో కూడా పద్దెనిమిది నెలలు నిండని కుక్కను బరిలోకి రానివ్వరు. ఆ కాగితం రాసినవాళ్లకు ఇది తెలియదా? అమ్మినవాళ్లకు రెండుసార్లు మెయిల్ రాశాను, ఎక్స్‌రే ఫొటో కూడా పెట్టాను. చూస్తామని జవాబిచ్చారు. మొన్న దసరాకు మా బడి సైన్స్ మేడం అదే కిట్ కొన్నారు. అదే కాగితం, అదే మూడు నెలల మాట. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అది. ఒక్క మార్కు తగ్గడానికి కాదు, రెండూ పోవడానికీ అదే కారణం.

అలాగని హర్డిల్‌ను పారేయకండి. రింగులు తీసేసి, నిలువు పైపులకు హార్డ్‌వేర్ షాపులో దొరికే పైపు క్లిప్పులు సగానికి కోసి తగిలించాను. వాటి మీద బార్ ఊరికే ఆనుతుంది, వేలితో తట్టినా పడుతుంది. ఆ మార్పు చేశాక కూడా ఆగస్టు దాకా బార్‌ను నేల మీదే ఉంచాను. నేల మీద బార్ దాటడం, నిలువు పైపు చుట్టూ తిరిగి రావడం, నా భుజం ఎటు తిరిగితే అటు తిరగడం, ఇవన్నీ ఎగరకుండానే నేర్చుకుంది. నిజానికి ఈ ఆటలో కష్టమంతా ఈ మలుపుల్లోనే ఉంది. “చుట్టు” అంటే చాలు, ఇప్పుడు పది అడుగుల దూరంలో ఉన్న పైపు చుట్టూ వెళ్లి వస్తుంది.

వీవ్ పోల్స్ గురించి క్లుప్తంగా. పోటీల్లో పన్నెండు ఉంటాయి, మధ్య దూరం 60 సెంటీమీటర్లు, మొదటి పోల్ కుక్క ఎడమ భుజం పక్కన ఉండేలా దూరాలి. ఈ కిట్‌లో ఆరే ఇచ్చారు, ఫరవాలేదు. కానీ కొలతకు ఇచ్చిన తాడు మీద ముడులు 45 సెంటీమీటర్లకే ఉన్నాయి. రాగి భుజం ఎత్తే 46 సెంటీమీటర్లు. అంత ఇరుకులో దాని నడుం విల్లులా వంగాలి. పైగా పోల్ అడుగున ఉన్నది సన్నటి ముల్లు, మెత్తటి గడ్డి నేలలో తప్ప దిగదు, డాబా మీద అసలే నిలబడదు. మా దగ్గర వెల్డింగ్ అతను మూడు మీటర్ల ఇనుప పట్టీ మీద 60 సెంటీమీటర్లకొకటి చొప్పున ఆరు కడ్డీలు నిలబెట్టి అతికించాడు, 900 తీసుకున్నాడు. పోల్స్ వాటికి తొడిగితే సరిపోయింది. ఈ మెలికల పరుగు కూడా ఎముకలు ముదిరాకే. అందాకా పోల్స్‌ను రెండు వరుసలుగా ఎడంగా పెట్టి, మధ్యలోంచి నేరుగా పరిగెత్తించాను.

ఎండాకాలం గురించి ఒక మాట. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరు నుంచి ఆరున్నర, అంతే. ఏడు దాటాక ఆ నైలాన్ టన్నెల్ లోపల చెయ్యి పెట్టి చూడండి, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుంటుంది. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, వగరుస్తూనే చల్లబడాలి. అరచేయి వెనక వైపు ఏడు సెకన్లు నేల మీద ఆనించలేకపోతే దాని కాళ్లకూ అది కాలుతున్నట్టే. అసలు ఏ కాలంలోనైనా నా పాఠం ఐదు నిమిషాలు దాటదు. రాగి ఇంకా కావాలంటూ నా చుట్టూ గెంతుతున్నప్పుడే సంచి కట్టేస్తాను.

కొనాలా వద్దా అని అడిగితే: ఇంట్లో ఆరేడు నెలల లోపు పిల్ల ఉంటే టన్నెల్ ఒక్కటి విడిగా దొరుకుతుందేమో చూడండి, పాజ్ బాక్సును పైపులు కొని ఇంట్లోనే చేసుకోండి. విడిగా దొరక్కపోతే ఈ కిట్ కొనండి, కాగితం మాత్రం చదవకుండా చించేయండి. విజిల్ మా బడి పిల్లలకు ఇచ్చేశాను, మంచి చప్పుడే.

ఆగస్టులో, పద్నాలుగో నెలలో మళ్లీ ఎక్స్‌రే తీయించాను. పెన్ను మొన పెట్టిన చోట ఇప్పుడు గీత లేదు, తెల్లగా కలిసిపోయింది. సెప్టెంబరులో బార్ 10 సెంటీమీటర్లు, దీపావళికి 20, ఈ వారం 30. దాని ఎత్తు కుక్కలకు పోటీల్లో 45 నుంచి 50 పెడతారు. మాకు తొందర లేదు. టన్నెల్ రెండో చివర కుట్టు మొన్న ఊడింది, బస్తాలు కుట్టే దారంతో కుట్టించాను, అరవై రూపాయలు. రేపు పొద్దున బడి గ్రౌండులో టన్నెల్, చెక్క, ఒక హర్డిల్ వరసగా పెడతాను. ఎనిమిదో తరగతి పిల్లలు చూస్తామన్నారు. రాగి చదరంలో నిలబడి ఉన్నప్పుడు చప్పట్లు కొట్టొద్దని, దాటేసి వచ్చాకే కొట్టాలని ముందే చెప్పాను.